విశాఖలో ఆఫీసు భవనం: ఏసీ బిల్లు తగ్గాలంటే ముందు చెమ్మ సంగతి చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మధురవాడలో 1,200 గజాల స్థలం, రోడ్డు పడమర వైపు. కింద పార్కింగు, పైన 4 అంతస్తులు. ఒక్కో అంతస్తు 5,400 చదరపు అడుగులు, మొత్తం 200 మంది పనిచేసే ఆఫీసు. రోడ్డు వైపు నిలువునా అద్దాలు వేద్దామని డిజైన్ వచ్చింది. డాబా మీద 50 కిలోవాట్ల సోలార్ పెడితే కరెంటు బిల్లు సున్నా అవుతుందని ఎవరో చెప్పారు. గోడకి ఏఏసీ (గాలి బుడగలుండే తేలిక కాంక్రీటు) బ్లాకా ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) ఇటుకా, ఏసీకి వీఆర్‌ఎఫా (ఒక బయటి యూనిట్ నుంచి చాలా గదులకి గ్యాస్ పంపి చల్లబరిచేది) చిల్లర్ ప్లాంటా (నీళ్లు చల్లబరిచి గదులకి పంపేది), గ్రీన్ సర్టిఫికెట్‌కి వెళ్లాలా వద్దా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. పడమర వైపు అద్దాల గోడ వద్దు. మెట్లు, లిఫ్టు, టాయిలెట్లు, ఎలక్ట్రికల్ గది అటు పెట్టి ఆ ముఖం దాదాపుగా మూసేయండి. లోపలికి వచ్చే బయటిగాలిని విడిగా ఒక యూనిట్‌లో ఆరబెట్టి పంపండి. ఈ రెండూ సరిగ్గా చేస్తే మామూలు లెక్కలో 100 టన్నులు పడే ఏసీ 45 టన్నుల దగ్గర ఆగుతుంది. గోడకి 250 మి.మీ. ఏఏసీ బ్లాకు, ఏసీకి వీఆర్‌ఎఫ్. సోలార్ తప్పకుండా పెట్టండి, కానీ మీ డాబా మీద 25 కిలోవాట్లకి కాస్త అటూ ఇటూగా మాత్రమే పడుతుంది. అది మీ వాడకంలో ఐదో వంతు తీరుస్తుంది. సర్టిఫికెట్ సంగతి చివర్లో చెప్తాను.

ఇక కారణాలు. మన దగ్గర చాలా ఆఫీసులు హైదరాబాద్ భవనాల్ని చూసి కట్టినవే. అక్కడ మే నెలలో 42 డిగ్రీలున్నా గాలి పొడిగా ఉంటుంది. విశాఖలో ఉష్ణోగ్రత అంత దూరం పోదు, కానీ గాలి నిండా నీళ్లే. అందుకే ఇంధన పొదుపు భవన నియమావళి, అదే ఈసీబీసీ, హైదరాబాద్‌ని మిశ్రమ వాతావరణంలో, విశాఖని ఉక్కపోత వాతావరణంలో పెట్టింది. 33 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న మామూలు వేసవి మధ్యాహ్నం తీసుకోండి. ఒక కిలో గాలిలో 22 గ్రాములకి పైగా నీటి ఆవిరి ఉంటుంది. ఆఫీసు లోపల 25 డిగ్రీలు, 55 శాతం తేమ కావాలంటే 11 గ్రాములే ఉండాలి. మిగతా 11 గ్రాములనీ ఏసీ పిండి బయట పోయాలి.

మీ 200 మందికి, మీ వైశాల్యానికి అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం సెకనుకి 1,100 లీటర్ల తాజా గాలి కావాలి, అంటే సుమారు 2,300 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు). ఈ గాలిని గది స్థితికి తేవడానికే 13 టన్నులకి పైగా ఏసీ ఖర్చవుతుంది. అందులో 10 టన్నులు చల్లబరచడానికి కాదు, నీరు తీయడానికి. గంటకి 50 లీటర్ల పైచిలుకు నీరు! ఈ లెక్క ముందు వేసుకోకుండా గోడలకీ కిటికీలకీ ఎంత ఖర్చు పెట్టినా ఫలితం సగమే.

ఇదే కారణంగా ఉత్తరాదిలో బాగా నడిచే కొన్ని పద్ధతులు ఇక్కడ నడవవు. నీటి కూలర్లు, రెండంచెల ఎవాపరేటివ్ కూలింగ్ వద్దు. తడి బల్బు ఉష్ణోగ్రతే, అంటే నీరు ఆవిరై గాలిని చల్లబరచగల హద్దే, 28 దగ్గర ఉంటే కూలర్ గాలి అంతకన్నా చల్లబడదు, పైగా గదిలోకి ఇంకాస్త చెమ్మ తెస్తుంది. రాత్రి కిటికీలు తెరిచి భవనాన్ని చల్లార్చే పద్ధతి మే, జూన్ నెలల్లో పనికిరాదు, రాత్రి కూడా 27–28 డిగ్రీలే కదా. భూమిలో గొట్టాలు పాతి గాలి తెచ్చే పద్ధతీ అంతే. మన నేల లోతుల్లో వేడి ఏడాది సగటుకి దగ్గరగా, 27–28 డిగ్రీలు ఉంటుంది. ఆ గొట్టాల్లో నీరు చేరి బూజు వాసన మిగులుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల వరకు మాత్రం ఉదయం పూట కిటికీలు తెరిచి ఏసీ ఆపేయవచ్చు. అందుకని తెరుచుకునే కిటికీలు తప్పనిసరిగా పెట్టించండి.

తాజా గాలికి విడి యూనిట్ (డీఓఏఎస్). బయటిగాలి ముందు ఫిల్టరు దాటి, తర్వాత ఎంథాల్పీ వీల్ దాటి, ఆ తర్వాత కూలింగ్ కాయిల్‌కి రావాలి. కాయిల్ దాటాక గాలి 11–12 డిగ్రీల దాకా దిగాలి, అప్పుడే నీరు సరిగ్గా రాలుతుంది. వీల్ ఏం చేస్తుందంటే, బయటికి పోయే పొడి చల్లగాలికి లోపలికి వచ్చే వేడి చెమ్మగాలి నుంచి వేడినీ ఆవిరినీ అప్పగిస్తుంది. కేటలాగులో దాని సామర్థ్యం 70–75 శాతం అని రాస్తారు. నిజానికి 60 శాతం లెక్కేసుకోండి. టాయిలెట్ల గాలిని వీల్ గుండా పంపకూడదు, భవనంలో కాస్త గాలి ఒత్తిడి నిలపాలి, కాబట్టి వెనక్కి దొరికే గాలి ఎప్పుడూ తక్కువే. 60 శాతం వచ్చినా 13 టన్నులు 5.5 టన్నులకి దిగుతాయి.

ఇక్కడ జరిగే పొరపాట్లు ఎక్కువగా ఇవీ. వీల్ కొని, తిరుగు గాలి డక్టు ఖర్చు మిగల్చాలని వేయరు. వీల్ ఊరికే తిరుగుతుంది. వేడిని మాత్రమే మార్చే అల్యూమినియం వీల్ తెస్తారు. మనకి ఆవిరిని పట్టే పూత, అంటే మాలిక్యులర్ సీవ్ ఉన్నదే కావాలి. అన్నిటికన్నా చెడ్డది, టాయిలెట్ ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెద్దవి పెట్టి తాజా గాలి యూనిట్ చిన్నది పెట్టడం. అప్పుడు భవనం గాలిని పీల్చుకుంటుంది. తలుపు సందుల నుంచీ ఫాల్స్ సీలింగ్ పైనుంచీ చెమ్మగాలి దొంగలా దూరుతుంది. తాజా గాలి మొత్తం ఎగ్జాస్ట్ కన్నా 5 నుంచి 10 శాతం ఎక్కువ ఉండేలా సరిచేయించండి. ప్రధాన ద్వారానికి రెండు తలుపుల మధ్య 3 మీటర్ల ఖాళీ గది ఉంటే ఇంకా మేలు. జనం లేనప్పుడు గాలి తగ్గించడానికి కార్బన్ డయాక్సైడ్ సెన్సార్ పెట్టి 800–1,000 పీపీఎం దగ్గర సెట్ చేయండి.

టన్నులు ఎక్కువ వేయొద్దు. ఏసీ వాళ్లు 160 చదరపు అడుగులకి ఒక టన్ను అని లెక్క చెప్తారు. మీ ఏసీ వైశాల్యం 16,000 చదరపు అడుగులు అనుకుంటే 100 టన్నులు. ఎక్కువుంటే నష్టమేంటి అనిపిస్తుంది. నష్టం ఉంది. అవసరానికి రెండింతల యంత్రం ఐదు నిమిషాల్లో గది చల్లబరిచి ఆగిపోతుంది. కాయిల్ మీద నీరు పేరుకుని కారేంత సేపు నడవదు. గది 23 డిగ్రీలు చూపిస్తుంది, తేమ 70 శాతం ఉంటుంది. ఉద్యోగులు చలిగా, జిడ్డుగా ఉందంటారు. ఎవరో 20కి తగ్గిస్తారు. బిల్లు పెరుగుతుంది, గోడల మీద నల్ల మచ్చలు వస్తాయి. విశాఖ ఆఫీసుల్లో ఫిర్యాదులు ఎక్కువగా వచ్చేది ఇక్కడే, కానీ ఏసీ చాలట్లేదని అర్థం చేసుకుని ఇంకో యూనిట్ తగిలిస్తారు!

గదిలో 26 డిగ్రీలు, 55 శాతం తేమ, పైన 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే 24 డిగ్రీల గదిలో కూర్చున్నంత హాయిగా ఉంటుంది. థర్మోస్టాట్ ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ లెక్క. ఆఫీసుల్లో ఫ్యాన్లు అందంగా ఉండవని తీసేస్తున్నారు. దయచేసి అలా చేయకండి.

వీఆర్‌ఎఫా, చిల్లరా అన్న ప్రశ్నకి: 45 టన్నుల భవనానికి నీటితో చల్లబరిచే చిల్లర్ పెడితే కూలింగ్ టవర్, పంపులు, నీటి శుద్ధి, ఆపరేటరు, ఇదంతా మోయాలి. మన తడి బల్బు ఉష్ణోగ్రతకి టవర్ కూడా గొప్పగా పనిచేయదు. 150 టన్నులు దాటితే ఆలోచించవచ్చు. వీఆర్‌ఎఫ్ తీసుకుంటే మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి. రాగి గొట్టాలు బ్రేజింగ్ చేసేటప్పుడు లోపల నైట్రోజన్ పారుతుండాలి, లేకపోతే లోపలి మసి వాల్వులకి అడ్డం పడుతుంది. ఆర్410ఎ గ్యాస్ అయితే సుమారు 40 బార్ ఒత్తిడిలో 24 గంటలు పరీక్షించాలి. తర్వాత వాక్యూమ్ 500 మైక్రాన్ల దిగువకి దించాలి. ఈ మూడూ ఎగ్గొట్టి కట్టిన వ్యవస్థలోనే రెండో ఏడాది గ్యాస్ కారడం మొదలవుతుంది.

హైదరాబాద్ దగ్గర పోచారంలో ఇన్ఫోసిస్ వాళ్లు భవనంలో సగం మామూలు ఏసీతో, సగం శ్లాబులో నీటి గొట్టాలు పెట్టి చల్లబరిచే రేడియెంట్ పద్ధతితో కట్టారు కదా, అది మనకి పనికొస్తుందా అని కొందరు అడుగుతుంటారు. పనికొస్తుంది, కానీ తాజా గాలి ఆరబెట్టడం ఒక్క గంట తప్పినా మన ఊళ్లో శ్లాబు చెమటలు పడుతుంది. మీ భవనానికి ఆ సాహసం అక్కర్లేదు.

చెమటల గురించి ఇంకో మాట. వేసవిలో మన గాలి మంచుబిందు ఉష్ణోగ్రత 25–27 డిగ్రీలు. అంతకన్నా చల్లగా ఉన్న ఏ పైపు మీదైనా, ఏ డక్టు మీదైనా బయటిగాలి తగిలితే నీరు పడుతుంది. పైపులకి మూసుకున్న కణాలుండే నైట్రైల్ రబ్బరు, కనీసం 25 మి.మీ. మందం, అతుకులన్నీ జిగురు పెట్టి మూసి ఉండాలి. హ్యాంగర్ దగ్గర రబ్బరు నలిగిపోకుండా చెక్క లేదా గట్టి ఫోమ్ దిమ్మ పెట్టాలి. గోడలకి ఆవిరి అడ్డుపొర ఎటు ఉండాలన్నది కూడా ముఖ్యం. చలి దేశాల పుస్తకాల్లో లోపలి వైపు అని ఉంటుంది. మనకి బయటి వైపు. లోపలి గోడకి వినైల్ వాల్‌పేపర్ అంటిస్తే గోడ గుండా వచ్చిన ఆవిరి చల్లటి పేపరు వెనక చిక్కుకుని ఏడాదిలోపే బూజు పడుతుంది. లోపల ఆవిరిని వదిలే మామూలు ఎమల్షన్ రంగు చాలు.

ఇప్పుడు కిటికీలు. పడమటి గోడ మీద సాయంత్రం సుమారు 600 వాట్ల ఎండ పడుతుంది, ఒక్కో చదరపు మీటరుకి. మామూలు తెల్ల అద్దం అందులో 82 శాతం లోపలికి వదిలేస్తుంది. అంటే 7 చదరపు మీటర్ల అద్దం ఒక టన్ను ఏసీని మింగుతుంది. మీ డిజైన్‌లో ఒక్కో అంతస్తుకి పడమర 45 చదరపు మీటర్ల దాకా అద్దం వస్తుంది. 4 అంతస్తులకి 25 టన్నులు, ఆ ఒక్క ముఖానికే. మంచి డబుల్ గ్లేజింగ్ వేసినా 8 టన్నుల దగ్గర ఆగుతుంది. మూసేస్తే ఆ లెక్క పూర్తిగా పోతుంది.

చజ్జా వేస్తే సరిపోదా? పడమరకి సరిపోదు. మార్చి, సెప్టెంబరు నెలల్లో 4 గంటలకి 600 మి.మీ. చజ్జా 1.5 మీటర్ల కిటికీలో పైన 33 సెంటీమీటర్లకి మాత్రమే నీడ ఇస్తుంది. (మన గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ విశాఖకి దగ్గరగానే పోతుంది కాబట్టి ఇక్కడ గడియారం సమయం, సూర్యుడి సమయం దాదాపు ఒకటే. నీడ లెక్కలు వేసుకోవడం తేలిక.) పడమర కిటికీ కావాల్సిందే అయితే సన్నగా, నిలువు పలకలతో, ఆ పలకలు వాయవ్యానికి తిప్పి పెట్టండి.

దక్షిణం వైపు చజ్జా అద్భుతంగా పనిచేస్తుంది. మన అక్షాంశం 17.7 డిగ్రీలు. 1.5 మీటర్ల ఎత్తు కిటికీకి 600 మి.మీ. చజ్జా మార్చి రెండో వారం నుంచి అక్టోబరు మొదటి వారం దాకా మధ్యాహ్నపు ఎండని పూర్తిగా ఆపుతుంది. 900 చేస్తే ఫిబ్రవరి మధ్య నుంచి అక్టోబరు చివరి దాకా. మనకి చలికాలంలో కూడా ఎండతో పని లేదు కాబట్టి 900 వైపే నేను మొగ్గుతాను.

ఉత్తరానికి నీడ అక్కర్లేదనుకుంటారు. మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం వైపే ఉంటాడు. మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఉదయం, సాయంత్రం ఏటవాలుగా అటు నుంచే కొడతాడు. 450 మి.మీ. చజ్జా, పక్కన నిలువు పలక పెట్టండి. తూర్పు వైపు పై అంతస్తుల నుంచి సముద్రం కనిపిస్తుందని పెద్ద అద్దం అడుగుతారు. పెట్టుకోండి, కానీ కూర్చున్న మనిషి కంటి ఎత్తులో అడ్డంగా ఒక పట్టీలా. నేల నుంచి 75 సెంటీమీటర్ల దాకా ఉన్న అద్దం వల్ల వెలుతురు రాదు, చూపూ రాదు, వేడి మాత్రం వస్తుంది.

మీ అంతస్తుని తూర్పు పడమరలుగా 28 మీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 18 మీటర్లు అనుకుంటే నేను వేసే అద్దాల వాటా ఇలా ఉంటుంది: ఉత్తరం 40 శాతం, దక్షిణం 30, తూర్పు 20, పడమర 5 లేదా 6. మొత్తం మీద 26 శాతం. ఈసీబీసీ 40 దాకా ఒప్పుకుంటుంది, అంత అవసరం లేదు. కిటికీ పై అంచు 2.6 మీటర్లు ఉంటే పగటి వెలుతురు 5.5–6 మీటర్ల లోపలికి అందుతుంది. రెండు వైపుల నుంచీ అంత అందితే నడుమ 6 మీటర్లు మిగులుతుంది. మీటింగ్ గదులు, సర్వర్ గది, నడవా అక్కడ. లైట్ల వరసలు కిటికీకి సమాంతరంగా వేయించి, కిటికీ పక్క వరసకి విడి సెన్సార్ ఇవ్వండి. అడ్డంగా వేస్తే సెన్సార్ ఉన్నా పనికిరాదు. చదరపు మీటరుకి 5 వాట్ల ఎల్‌ఈడీ చాలు.

అద్దం కొనేటప్పుడు రంగు చూసి కొనకండి. ముదురు నీలం, ఆకుపచ్చ అద్దం వెలుతురుని ఆపినంతగా వేడిని ఆపదు, పగలే లైట్లు వేసుకోవాల్సి వస్తుంది. డేటా షీటులో మూడు అంకెలు అడగండి. ఎస్‌హెచ్‌జీసీ, అంటే లోపలికి వచ్చే ఎండ వేడి వాటా, 0.27 లేదా తక్కువ. 15 డిగ్రీల అక్షాంశానికి ఉత్తరాన ఉన్నాం కాబట్టి ఉత్తరపు కిటికీకి 0.50 దాకా నియమావళి ఒప్పుకుంటుంది. యూ విలువ, అంటే వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే అంకె, 3.0 లోపు. వెలుతురు వాటా కనీసం 0.27 అని ఉంది గానీ 0.40 దగ్గరున్నది తీసుకోండి. 6–12–6 (అద్దం, గాలి ఖాళీ, అద్దం, మి.మీ.లలో) డబుల్ గ్లాసులో పూత బయటి అద్దపు లోపలి ముఖం మీద, గాలి ఖాళీ వైపు ఉండాలి. తిరగేసి బిగించిన సందర్భాలు సైట్లలో తక్కువేం కాదు. అగ్గిపుల్ల వెలిగించి అద్దం ముందు పెడితే నాలుగు మంటలు కనిపిస్తాయి, పూత ఉన్న ముఖం మీది మంట రంగు వేరుగా ఉంటుంది.

గోడల దగ్గర త్వరగా ముగిస్తాను, ఎందుకంటే బయటా లోపలా ఉష్ణోగ్రతల తేడా మనకి 8–10 డిగ్రీలే. 230 మి.మీ. ఫ్లైయాష్ ఇటుక గోడ యూ విలువ 2 దగ్గర ఉంటుంది. 200 మి.మీ. ఏఏసీది 0.76, 250 మి.మీ.ది 0.63. 10,000 చదరపు మీటర్ల లోపు ఆఫీసులకి ఈసీబీసీ 2017 అడిగేది 0.63, కాబట్టి 250 సరిపోతుంది. పరవాడ సింహాద్రి ప్లాంటు బూడిద దగ్గర్లోనే ఉండటం వల్ల ఫ్లైయాష్ ఇటుక మనకి సులువుగా దొరుకుతుంది. ఏసీ లేని పార్కింగు, మెట్ల గోడలు, పడమటి సర్వీసు గదుల లోపలి అడ్డుగోడలు దానితో కట్టండి. ఏఏసీకి మేస్త్రీలు చేసే తప్పు, మామూలు ఇటుకలా నీళ్లలో నానబెట్టడం. పైపైన తడిపి, 3 మి.మీ. జిగురు మోర్టార్‌తో కట్టాలి. కాలమ్, బ్లాకు కలిసే చోట ఫైబర్ మెష్ 200 మి.మీ. వెడల్పున వేయకపోతే పగుళ్లు ఖాయం. తుపాను వానకి ఆ పగుళ్లలోంచే నీరు దూరుతుంది.

డాబాకి వాలు కాంక్రీటు, వాటర్ ప్రూఫింగ్, దాని మీద 80 మి.మీ. ఎక్స్‌పీఎస్ గట్టి ఫోమ్ పలకలు, జియోటెక్స్‌టైల్ గుడ్డ, స్క్రీడ్ (పల్చటి సిమెంటు పొర), తెల్ల టైల్స్, ఈ వరసలో. యూ విలువ 0.33కి వస్తుంది. తెల్ల డాబా ఎండని 60 శాతమైనా తిప్పికొట్టాలి. వానాకాలంలో నాచు పట్టి నల్లబడుతుంది కాబట్టి ఏటా ఫిబ్రవరిలో ఒకసారి రుద్ది కడిగించండి.

ఉప్పుగాలి. భవనం 50 ఏళ్లు నిలవకపోతే దాన్ని పర్యావరణ హితం అనడంలో అర్థం లేదు. కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 తీరప్రాంతాన్ని తీవ్ర పరిస్థితి కింద పెట్టి కనీసం ఎం30 కాంక్రీటు, నీరు–సిమెంటు నిష్పత్తి 0.45, కమ్మీ మీద 45 మి.మీ. కవర్ (కమ్మీని కప్పే కాంక్రీటు మందం) అడుగుతుంది. ఎం35 వాడితే కవర్ 5 మి.మీ. తగ్గించవచ్చు. సముద్రపు తుంపర పడే బీచ్ రోడ్డు లాంటి చోట ఎం35, 50 మి.మీ. మనకి స్టీల్ ప్లాంటు ఊళ్లోనే ఉంది. స్లాగ్ సిమెంటు వాడండి, క్లోరైడ్‌ని అది బాగా అడ్డుకుంటుంది, క్లింకరు తక్కువ కాబట్టి కార్బన్ కూడా తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త: మొదటి రోజుల్లో బలం నెమ్మదిగా వస్తుంది. క్యూరింగ్ 10 రోజులకి తగ్గకూడదు, సెంట్రింగ్ తొందరపడి విప్పకూడదు. 75 మి.మీ. పల్చటి చజ్జాల్లో ఆ కవర్ ఎలా కుదురుతుంది? కుదరదు. అందుకే మన ఊళ్లో ముందు రాలేవి చజ్జా అంచులే. 110 మి.మీ. మందం చేసి, అడుగున నీరు జారే గాడి పెట్టండి. లేదా పీవీడీఎఫ్ పూత ఉన్న అల్యూమినియం పలకలు వాడండి.

వీఆర్‌ఎఫ్ బయటి యూనిట్లకి నీలం పూత ఫిన్లు చాలవు. ఫ్యాక్టరీలో వేసిన తుప్పు నిరోధక ఎపాక్సీ పూత అడగండి. సముద్రం వైపు కాకుండా, మెట్ల గది నీడలో, గాలి తిరగడానికి తయారీదారు చెప్పిన ఖాళీ వదిలి పెట్టండి. నెలకోసారి మంచినీళ్లతో, తక్కువ ఒత్తిడితో కడగాలి. అందుకు డాబా మీద ఒక కొళాయి ముందే పెట్టించండి. కొళాయి లేక కడగని యూనిట్లు ఎన్నో. బయటి బోల్టులు 304 కాకుండా 316 స్టెయిన్‌లెస్.

తుపాను లెక్క కూడా ఇందులో భాగమే. గాలి భారపు ప్రమాణంలో విశాఖకి మూల వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరంతా చూసిందే. బయటి అద్దం ల్యామినేటెడ్ ఉంటే పగిలినా చట్రంలో నిలుస్తుంది, టఫెండ్ ఒక్కటే అయితే ముక్కలై రాలి గాలి లోపలికి దూరి ఫాల్స్ సీలింగ్ లేపుకుపోతుంది. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేకపోతే తెరుచుకునే కిటికీలున్న ఆఫీసులోనే మనిషి కూర్చోగలడు.

ఇక సోలార్. 500 చదరపు మీటర్ల డాబాలో లిఫ్టు గది, ట్యాంకులు, వీఆర్‌ఎఫ్ యూనిట్లు, నడిచే దారి పోగా సగమే మిగులుతుంది. కిలోవాటుకి 10 చదరపు మీటర్లు. అంటే 25 కిలోవాట్లు, ఏడాదికి సుమారు 35,000 యూనిట్లు. పైన చెప్పినట్టు కడితే మీ భవనం చదరపు మీటరుకి ఏడాదికి 85 యూనిట్ల దగ్గర, మొత్తం 1,70,000 యూనిట్లు వాడుతుంది. ఐదో వంతు అని అందుకే అన్నాను. ప్యానెళ్లు 10–12 డిగ్రీల వాలులో పెట్టండి, 18 పెడితే ఉత్పత్తి పెరిగేది స్వల్పం, గాలి పట్టేది ఎక్కువ. ఫ్రేము హాట్ డిప్ గాల్వనైజ్డ్, జింకు పూత మందం 80 మైక్రాన్లు. ప్యానెల్‌కి ఉప్పు తుంపర పరీక్ష పాసైన పత్రం ఉండాలి. కాంక్రీటు దిమ్మలు వాటర్ ప్రూఫింగ్ కన్నా ముందే శ్లాబుతో కలిపి పోయించండి. తర్వాత డ్రిల్లు చేస్తే డాబా కారుతుంది.

నీటి సంగతి ఒక్కటే చెప్తాను. తాజా గాలి యూనిట్ నుంచీ గదుల యూనిట్ల నుంచీ రోజుకి 250–300 లీటర్ల నీరు కారుతుంది. దాన్ని డ్రైనేజీలో కలపకుండా ఫ్లష్ ట్యాంకుకి పంపండి. తాగడానికి పనికిరాదు, ఫ్లష్‌కీ మొక్కలకీ చక్కటి నీరు. డాబా వాన నీరు ఏటా సుమారు 4 లక్షల లీటర్లు, ఇంకుడు గుంతకి పంపే ముందు సంపు నింపుకోండి.

కట్టాక అప్పగించుకునే ముందు వారం రోజులు ప్రతి అంతస్తులో ఉష్ణోగ్రత, తేమ రాసే చిన్న లాగర్లు పెట్టండి. తేమ 60 శాతం దాటిన గంటలు కనిపిస్తే బిల్లు కట్టకముందే కారణం వెతికించండి. ముఖ్యంగా సోమవారం ఉదయం చూడండి. శని, ఆదివారాలు తాజా గాలి ఫ్యాను ఆపకుండా వదిలేస్తే బయటి చెమ్మంతా కార్పెట్లలో, కాగితాల్లో చేరి ఉంటుంది. సోమవారం ముందు గంట తాజా గాలి మూసి, లోపలి గాలినే తిప్పుతూ ఆరబెట్టి, తర్వాత తెరవాలి. ఏసీకి, లైట్లకి, ప్లగ్గులకి, యూపీఎస్‌కి విడివిడి మీటర్లు ఉండాలి. లేకపోతే ఏది తింటోందో తెలియదు. యూపీఎస్ అవసరానికి మూడింతలు కొని 20 శాతం లోడు మీద నడిపితే నష్టం రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటుంది.

సర్టిఫికెట్ గురించి. కనెక్టెడ్ లోడ్ 100 కిలోవాట్లు లేదా కాంట్రాక్టు డిమాండ్ 120 కేవీఏ దాటితే ఈసీబీసీ వర్తిస్తుంది, మీ భవనం దాటవచ్చు, కాబట్టి ఆ లెక్కలు ఎలాగూ కావాలి. ఐజీబీసీ గానీ గృహ (జీఆర్‌ఐహెచ్‌ఏ) గానీ, ఈ గ్రీన్ రేటింగులు అద్దెకిచ్చే ఉద్దేశం ఉంటే తీసుకోండి, పెద్ద కంపెనీలు అడుగుతాయి. మీరే వాడుకుంటే ఆ డబ్బు ఎంథాల్పీ వీల్ మీద పెట్టండి. ఏది చేసినా డ్రాయింగులు ఖరారు కాకముందు ఎనర్జీప్లస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో విశాఖ వాతావరణ ఫైలు పెట్టి సిమ్యులేషన్ చేయించండి. పడమర అద్దంతో ఒకసారి, లేకుండా ఒకసారి. రెండు ఫలితాలూ ఆర్కిటెక్టు ముందు పెట్టి మాట్లాడండి. పునాది తవ్వాక ఈ మాట ఎవరూ వినరు.